పిల్లల్లో నట్ అలర్జీ: చర్మ పరీక్షా, రక్తపరీక్షా? తరచుగా అడిగే ప్రశ్నలు

వేరుశనగో జీడిపప్పో తిన్న కాసేపటికే పిల్ల ఒంటి మీద దద్దుర్లు లేచాయనో, పెదవులు వాచాయనో భయపడి పరీక్షల గురించి వెతుకుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, నట్ అలర్జీ ఉన్న పాపని పెంచుతున్న అమ్మని. రిపోర్టు చేతికొచ్చాక అందులో అంకెలు చూసి ఎంత టెన్షన్ పడతామో తెలుసు కాబట్టి, ఆ అంకెలకి ఎంత విలువ ఇవ్వాలో, ఎక్కడ ఇవ్వకూడదో కాస్త వివరంగా చెప్పాలనిపించింది. మీ పిల్లల విషయంలో చివరి మాట వాళ్లని స్వయంగా చూసిన డాక్టర్‌దే.

సూటిగా చెప్పండి, రెండిట్లో ఏది మంచిది?

రెండూ మంచి పరీక్షలే. చర్మం మీద చేసే స్కిన్ ప్రిక్ టెస్టులో ఫలితం అక్కడికక్కడే తెలిసిపోతుంది, సూది పొడిచి రక్తం తీయక్కర్లేదు, నెగెటివ్ వస్తే చాలావరకు నమ్మొచ్చు. రక్తపరీక్షకి మందులు ఆపక్కర్లేదు, చర్మం ఎంత పాడైపోయి ఉన్నా చెయ్యొచ్చు, అవసరమైతే ఆ నట్‌లో ఏ ప్రొటీన్ మీద అలర్జీ ఉందో విడదీసి చూడొచ్చు. కాబట్టి ఏది చేయించాలన్నది మీ పిల్ల చర్మాన్ని బట్టి, వాడే మందుల్ని బట్టి, మీకు దగ్గర్లో అనుభవం ఉన్నవాళ్లు ఏది చేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక లోపం మాత్రం రెండిటికీ ఒక్కటే. పిల్ల ఆ నట్ తింటే ఏం జరుగుతుందో ఈ రెండూ నేరుగా చెప్పలేవు. తిన్నప్పుడు ఏం జరిగిందన్న మీ కథే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం, పరీక్ష దానికి తోడు మాత్రమే. ఈ పేజీలో ఇంకేం గుర్తులేకపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

అసలు ఇవి దేన్ని కొలుస్తాయి?

ఐజీఈ అనే యాంటీబాడీని. అలర్జీ ఉన్న పిల్లల్లో వేరుశనగ ప్రొటీన్‌ని పట్టుకునే ఐజీఈ తయారై, కొంత రక్తంలో తిరుగుతుంటుంది, కొంత చర్మంలోనూ పేగుల్లోనూ ఊపిరితిత్తుల్లోనూ ఉండే మాస్ట్ కణాలకి అతుక్కుని ఉంటుంది. ఆ ప్రొటీన్ మళ్లీ లోపలికి రాగానే మాస్ట్ కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాల్ని ఒక్కసారిగా వదులుతాయి. దద్దుర్లు, వాపు, వాంతులు, ఆయాసం అన్నీ వాటి పనే. చర్మ పరీక్ష మాస్ట్ కణాలకి అతుక్కున్న ఐజీఈని పసిగడుతుంది, రక్తపరీక్ష రక్తంలో తిరిగేదాన్ని కొలుస్తుంది.

ఈ రెండిటికీ ఉన్న సంబంధం 1921లోనే బయటపడింది. హైంజ్ క్యూస్ట్నర్ అనే డాక్టర్‌కి వండిన చేప పడేది కాదు. ఆయన రక్తంలోంచి తీసిన సీరమ్‌ని ఓటో ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారం ఎక్కించుకుంటే అక్కడ దద్దురు లేచింది. అంటే అలర్జీని మోసేది ఏదో రక్తంలో ఉంది, అది వేరే మనిషి చర్మంలో కూడా పని చేస్తోంది అన్నమాట. అదేమిటో తెలియడానికి 1960ల చివరిదాకా పట్టింది: అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యొహాన్సన్, బెన్నిక్ విడివిడిగా దాన్ని కనుక్కున్నారు, 1968లో ఐజీఈ అనే పేరు ఖాయమైంది. రక్తంలో దాన్ని కొలిచే పరీక్ష కూడా ఆ కాలంలోనే పుట్టింది. మొదట్లో రేడియోధార్మిక పదార్థంతో కొలిచేవాళ్లు, ఇప్పుడు అదేమీ లేకుండా యంత్రాలే కొలుస్తున్నాయి.

స్కిన్ ప్రిక్ టెస్టు ఎలా చేస్తారు? పాప ఏడుస్తుందా?

ముంజేతి లోపలివైపు, బాగా చిన్నపిల్లలైతే వీపు మీద చేస్తారు. పెన్నుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు పక్కన ఒక్కో చుక్క వేస్తారు. ఒకటి వేరుశనగ సారం, ఒకటి జీడిపప్పు సారం, అలా. వీటితోపాటు రెండు చుక్కలు తప్పనిసరిగా ఉంటాయి: ఒకటి హిస్టమిన్, ఇది ఎవరికైనా దద్దురు తెప్పించాలి, ఇంకొకటి ఉప్పునీటి ద్రావణం, ఇది ఎవరికీ తెప్పించకూడదు. ఈ రెండూ సరిగ్గా పని చేస్తేనే మిగతా ఫలితాలకి అర్థం. హిస్టమిన్ చుక్క దగ్గర ఏమీ లేవలేదంటే అంతకుముందు వాడిన యాంటీహిస్టమిన్ (హిస్టమిన్ పనిని అడ్డుకునే అలర్జీ మందు) ప్రభావం ఇంకా ఉందన్నమాట, ఆ రోజు వచ్చిన నెగెటివ్‌లు దేనికీ పనికిరావు.

తర్వాత చిన్న మొన ఉన్న ప్లాస్టిక్ పుల్ల లాంటి లాన్సెట్‌తో ప్రతి చుక్కలోంచి చర్మం పైపొరని కాస్త గుచ్చుతారు. రక్తం రాదు, లేదా కనీకనిపించకుండా వస్తుంది. ఆ గుచ్చడం కన్నా తర్వాత గోక్కోకుండా 15 నుంచి 20 నిమిషాలు కూర్చోబెట్టడమే కష్టం. ఒక బొమ్మో కథల పుస్తకమో తీసుకెళ్లండి. టైం అయ్యాక దద్దురుని స్కేలుతో కొలుస్తారు, చాలాచోట్ల పొడవు, దానికి అడ్డంగా వెడల్పు కొలిచి సగటు తీస్తారు. చుట్టూ ఉన్న ఎరుపుని లెక్కలోకి తీసుకోరు, ఉబ్బిన భాగం మాత్రమే లెక్క. ఉప్పునీటి చుక్క కన్నా కనీసం 3 మి.మీ. ఎక్కువ ఉంటే పాజిటివ్ అంటారు.

కొన్ని రకాల నట్స్‌కి తయారుగా దొరికే సారాలు అంత బాగుండవు, తయారీలో కొన్ని ప్రొటీన్లు దెబ్బతింటాయి. అలాంటప్పుడు అసలు నట్‌నే తెచ్చి, ముందు దాన్ని గుచ్చి తర్వాత అదే మొనతో చర్మాన్ని గుచ్చుతారు. డాక్టర్ మిమ్మల్ని ఇంటి నుంచి నట్ తెమ్మంటే ఆశ్చర్యపోకండి.

మరి రక్తపరీక్ష?

కొన్ని మిల్లీలీటర్ల రక్తం తీసి ల్యాబ్‌కి పంపుతారు, పరగడుపున ఉండక్కర్లేదు, ఫలితం రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. చెయ్యి చూపించగానే గోల పెట్టే పిల్లలకి మత్తు క్రీమ్ రాసి తీయొచ్చు, ముందే అడగండి.

రిపోర్టులో ఒక్కో నట్‌కి ఒక్కో అంకె ఉంటుంది, లీటరుకి ఇన్ని కిలో యూనిట్లు అని. చాలాకాలం 0.35 దాటితే పాజిటివ్ అనేవాళ్లు, ఇప్పటి యంత్రాలు 0.1 దాకా కూడా పట్టుకుంటాయి. దానివల్ల ఏ ఇబ్బందీ లేని పిల్లల రిపోర్టుల్లోనూ చిన్న చిన్న అంకెలు కనిపిస్తున్నాయి. కొన్ని ల్యాబులు క్లాస్ 1, క్లాస్ 2 అంటూ 6 దాకా తరగతులు వేసి పక్కన ఎర్ర గీతలు కూడా గీస్తాయి. ఆ గీతల్ని చూసి గుండె జారిపోతుంది గానీ, ఆ తరగతి రక్తంలో ఐజీఈ ఎంత ఉందో చెబుతుందే తప్ప జబ్బు ఎంత తీవ్రమో చెప్పదు.

ఇంకొకటి, వేర్వేరు కంపెనీల యంత్రాలు ఒకే రక్తానికి వేర్వేరు అంకెలు ఇస్తాయి. కాబట్టి రెండేళ్ల కిందటి అంకెతో ఇప్పటిది పోల్చాలంటే రెండూ ఒకే పద్ధతిలో చేసినవై ఉండాలి. వీలైతే అదే ల్యాబ్‌లో చేయించండి.

మా పిల్లాడికి ఒళ్లంతా ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు). ఏది చేయించాలి?

పరీక్ష చెయ్యడానికి అరచేతి మేర మంచి చర్మం దొరికితే చర్మ పరీక్షే చెయ్యొచ్చు. అదీ లేకపోతే రక్తపరీక్షే దారి. గీత గీస్తే చాలు ఆ గీత వెంబడే ఉబ్బిపోయే చర్మం కొందరికి ఉంటుంది, వాళ్లకి ఉప్పునీటి చుక్క కూడా దద్దురు తెప్పిస్తుంది, వాళ్లకీ రక్తపరీక్షే నయం. దద్దుర్ల వల్ల యాంటీహిస్టమిన్ ఒక్కరోజు కూడా ఆపలేని పిల్లలకీ అంతే.

అయితే ఎగ్జిమా పిల్లలతో ఒక చిక్కుంది. వాళ్లలో మొత్తం ఐజీఈ చాలా ఎక్కువగా ఉంటుంది, అందుకని ఏ పదార్థానికి చూసినా ఎంతో కొంత పాజిటివ్ వస్తూ ఉంటుంది. పది పదార్థాలకి రక్తపరీక్ష చేయించి, పదింటికీ చిన్న అంకెలు వచ్చాయని పదింటినీ మాన్పించేసిన ఇళ్లు ఉన్నాయి. ఇది చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఎందుకంటే ఆ పిల్లలు తినగలిగినవి కూడా తినకుండా బరువు పెరగక బక్కచిక్కిపోతారు. ఎగ్జిమా ఉన్న పిల్ల ఇష్టంగా తింటున్నదాన్ని కాగితం చూసి మాన్పిస్తే, కొన్ని నెలల తర్వాత మళ్లీ తిన్నప్పుడు నిజంగానే రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉందని డాక్టర్లు హెచ్చరిస్తారు.

టెస్టుకి ముందు ఏ మందులు ఆపాలి?

రక్తపరీక్షకి ఏదీ ఆపక్కర్లేదు.

చర్మ పరీక్షకి యాంటీహిస్టమిన్లు ఆపాలి: సెట్రిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ లాంటివి. చాలా క్లినిక్‌లు 5 నుంచి 7 రోజుల ముందు ఆపమంటాయి, మీ క్లినిక్ చెప్పిన లెక్కే పాటించండి. జలుబు, దగ్గు సిరప్‌లలో కూడా ఇవి ఉంటాయి, సీసా మీద చదవకుండా పోస్తే మీ అపాయింట్‌మెంట్ వృథా అవుతుంది. పరీక్ష చేసే చోట స్టెరాయిడ్ క్రీమ్ రాయొద్దు, ఆ రోజు మాయిశ్చరైజర్ కూడా ఆ చేతికి వద్దు, చుక్కలు జారిపోయి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఆస్తమా ఇన్‌హేలర్లు మాత్రం అస్సలు ఆపకండి. వాటివల్ల పరీక్షకి అడ్డేమీ లేదు, పైగా ఆస్తమా అదుపులో లేకపోతే చర్మ పరీక్ష వాయిదా వేస్తారు.

మధ్యలో రియాక్షన్ వస్తే మందు వాడటానికి ఒక్క క్షణం వెనకాడొద్దు. అపాయింట్‌మెంట్ ఇంకోటి దొరుకుతుంది.

ఎన్ని నెలల నుంచి చెయ్యొచ్చు?

రెండూ పాలు తాగే పసిపిల్లలకి కూడా చెయ్యొచ్చు. వాళ్లలో దద్దుర్లు చిన్నగా వస్తాయి, ఆ సంగతి తెలిసినవాళ్లు చూడాలి, అంతే.

చర్మం మీద గుచ్చితేనే రియాక్షన్ వచ్చేస్తే?

చర్మంలోకి వెళ్లే మోతాదు లెక్కలోకి రానంత తక్కువ. దురద, చిన్న వాపు గంటా గంటన్నరలో పోతాయి. ఒళ్లంతా రియాక్షన్ రావడం చాలా అరుదు, అయినా తీవ్రమైన రియాక్షన్‌కి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉన్న చోటే ఈ పరీక్ష చెయ్యాలి. చర్మం లోపలికి సూదితో ఎక్కించే ఇంకో రకం పరీక్ష ఉంది, దాన్ని ఆహార అలర్జీలకి వాడకూడదు, అందులో ప్రమాదమూ ఎక్కువ, తప్పుడు పాజిటివ్‌లూ ఎక్కువ. వీపుకి రెండు రోజులు అంటించి ఉంచే ప్యాచ్ టెస్టు వేరే పనికి, నట్ తిన్న వెంటనే వచ్చే అలర్జీని అది పట్టుకోలేదు.

ఇంట్లోనే కాస్త వేరుశనగ ముద్ద చేతికి రాసి చూడొచ్చా?

వద్దు. ఏమీ రాకపోతే తినిపించొచ్చన్న తప్పుడు ధైర్యం వస్తుంది, ఎర్రబడితే ఉత్త చికాకు వల్ల కూడా కావచ్చు. హిస్టమిన్ చుక్కా, ఉప్పునీటి చుక్కా లేని పరీక్ష పరీక్షే కాదు.

రిపోర్టులో పాజిటివ్ వచ్చింది, కానీ మావాడు వేరుశనగ రోజూ తింటున్నాడు, ఏమీ కాలేదు. ఇప్పుడు మాన్పించాలా?

నాకు అందరికన్నా ఎక్కువగా చెప్పాలనిపించేది ఈ తల్లిదండ్రులకే. మామూలు మోతాదులో, ఈమధ్య కూడా, తిని ఏమీ కాలేదంటే అంతకన్నా గట్టి రుజువు ఏ ల్యాబూ ఇవ్వలేదు. రక్తంలో ఐజీఈ ఉండటం వేరు, అలర్జీ ఉండటం వేరు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చిన పిల్లలకి ఎనిమిదేళ్ల వయసులో పరీక్షలు చేస్తే సుమారు 12 శాతం మందికి వేరుశనగకి పాజిటివ్ వచ్చింది. వాళ్లలో నిజంగా అలర్జీ ఉన్నవాళ్లెందరో తినిపించి కూడా చూసి లెక్కగడితే, పాజిటివ్ వచ్చినవాళ్లలో నాలుగో వంతు కూడా లేరని తేలింది. 2010లో ఇది అచ్చయింది. అంటే ఆ కాగితాన్నే నమ్ముకుని ఉంటే నలుగురిలో ముగ్గురికి పైగా పిల్లలు ఏ కారణమూ లేకుండా వేరుశనగకి దూరమయ్యేవాళ్లు. పుట్టినరోజు పార్టీకి పంపాలన్నా భయమే, బళ్లో అందరితో కలిసి తినాలన్నా భయమే, ఆ బరువంతా లేని జబ్బుకి మోయాల్సి వచ్చేది.

ఇలా ఎందుకు వస్తుందంటే, వేరుశనగలో ఉన్న కొన్ని ప్రొటీన్లు పుప్పొడిలోనూ వేరే పప్పుధాన్యాల్లోనూ ఉండే ప్రొటీన్లని పోలి ఉంటాయి. మొక్కల ప్రొటీన్లకి అంటుకుని ఉండే చక్కెర గొలుసులకి కూడా కొందరిలో ఐజీఈ తయారవుతుంది, అది రక్తపరీక్షలో పాజిటివ్ చూపిస్తుంది గానీ తిన్నప్పుడు సాధారణంగా ఏ హానీ చెయ్యదు.

కాబట్టి మీవాడు తింటున్నది తిననివ్వండి, రిపోర్టుని డాక్టర్‌కి చూపించి "తింటున్నాడు, ఏమీ కాలేదు" అని స్పష్టంగా చెప్పండి. అయినా మాన్పించమంటే ఎందుకని అడగండి, అడగడం మీ హక్కు.

అంకె పెద్దదైతే రియాక్షన్ కూడా పెద్దదా?

కాదు. అంకె పెరిగేకొద్దీ అలర్జీ నిజంగా ఉండే అవకాశం పెరుగుతుంది, వచ్చే రియాక్షన్ ఎంత తీవ్రంగా ఉంటుందన్నది దాన్ని బట్టి తెలియదు. 2 అంకె ఉన్న పిల్లకి ఊపిరాడని పరిస్థితి రావచ్చు, 60 ఉన్న పిల్లకి నాలుగు దద్దుర్లతో పోవచ్చు. ఎంత తిన్నారు, అప్పుడు జ్వరం ఉందా, తిన్నాక పరిగెత్తారా, ఆస్తమా అదుపులో ఉందా, ఇవన్నీ కలిసి ఆ రోజు ఏం జరుగుతుందో నిర్ణయిస్తాయి. "మా పాపది క్లాస్ 2 మాత్రమే, కాబట్టి కొంచెం తిన్నా పర్లేదు" అనుకోవడం ప్రమాదం.

8 మి.మీ. అని, 15 అని ఏవో అంకెలు చదివాను. అవేంటి?

వేరుశనగ విషయంలో చర్మం మీద దద్దురు 8 మి.మీ. గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, లేదా రక్తంలో వేరుశనగ ఐజీఈ 14, 15 దగ్గర దాటితే, తినిపించి చూసినప్పుడు దాదాపు 95 శాతం మంది పిల్లలకి రియాక్షన్ వచ్చిందని పెద్ద ఆస్పత్రుల అలర్జీ క్లినిక్‌లలో తేలింది. రెండేళ్ల లోపు పిల్లల్లో 4 మి.మీ. కే ఆ స్థాయి నమ్మకం వచ్చింది. ఇలాంటి అంకె ఉండి, తిన్నప్పుడు రియాక్షన్ వచ్చిన కథ కూడా ఉంటే ఇక తినిపించి చూడాల్సిన పని ఉండదు, అలర్జీ ఖాయం అంటారు.

కానీ ఆ అంకెలు ముందే గట్టి అనుమానంతో క్లినిక్‌కి వచ్చిన పిల్లల్లో వచ్చినవి. ఏ లక్షణమూ లేని పిల్లకి ఊరికే పరీక్ష చేసి అదే గీత గీయడం సరికాదు. జీడిపప్పు, వాల్‌నట్, హేజెల్‌నట్ లాంటి వాటికి ఇంత స్పష్టమైన గీతలు లేవు. చాలామంది పిల్లల రిపోర్టులు 3కీ 8కీ మధ్య, లేదా 0.35కీ 15కీ మధ్య ఉండిపోతాయి. అక్కడ అంకె ఒక్కటే ఏమీ తేల్చదు.

నెగెటివ్ వచ్చింది. ఇక ధైర్యంగా పెట్టేయొచ్చా?

అనుమానం తక్కువగా ఉండి చర్మ పరీక్ష నెగెటివ్ వస్తే అలర్జీ లేదనే అనుకోవచ్చు, ఆ విషయంలో అది చాలా నమ్మదగ్గది. కానీ జీడిపప్పు తిన్న పది నిమిషాల్లో పిల్లకి ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, పిల్లికూతలు వచ్చి ఉంటే ఒక నెగెటివ్ చూసి ఇంట్లో పెట్టకండి. రెండో పరీక్ష కూడా చేయించాలి, రెండూ నెగెటివ్ వచ్చినా ఆస్పత్రిలో డాక్టర్ ఎదుటే తినిపించాలి.

పెద్ద రియాక్షన్ వచ్చిన వెంటనే పరీక్ష చేసినా తప్పుడు నెగెటివ్ రావచ్చు, మాస్ట్ కణాలు అప్పటికే ఖాళీ అయిపోయి ఉంటాయి. అందుకే సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆగి చేస్తారు, ముందే చేసి నెగెటివ్ వస్తే మళ్లీ చేస్తారు. తిన్న రెండు మూడు గంటల తర్వాత విపరీతంగా వాంతులు చేసుకుని పిల్ల వాడిపోయే ఇంకో రకం జబ్బు ఉంది, దానికి ఐజీఈతో సంబంధం లేదు, ఈ రెండు పరీక్షలకీ అది చిక్కదు.

చర్మంలో పాజిటివ్, రక్తంలో నెగెటివ్. ఏది నమ్మాలి?

ఇలా రావడం మామూలే, ఏదో ఒకటి తప్పు చేశారని కాదు. రెండూ వేర్వేరు చోట్ల వెతుకుతున్నాయి, రెండిట్లోనూ వాడే సారాలు కూడా ఒకటి కావు. ముందు చూడాల్సింది హిస్టమిన్ చుక్క సరిగ్గా లేచిందా, పిల్ల ఏదైనా సిరప్ తాగిందా అని. తర్వాత మళ్లీ కథ దగ్గరికే రావాలి. తిన్నప్పుడు రియాక్షన్ వచ్చి ఉంటే పాజిటివ్ వైపు మొగ్గుతారు, ఎప్పుడూ తినకపోతే తినిపించి చూడటమో ప్రొటీన్లని విడదీసి చూడటమో చేస్తారు.

ప్రొటీన్లని విడదీసి చూడటం అంటే?

మామూలు రక్తపరీక్ష వేరుశనగ మొత్తాన్ని ఒక్కటిగా చూస్తుంది. కాంపొనెంట్ టెస్ట్ అనే దానిలో ఒక్కో ప్రొటీన్‌కి విడిగా ఐజీఈ కొలుస్తారు. వేరుశనగలో అరా హెచ్ 2 ముఖ్యం, అది వేడికీ కడుపులో ఆమ్లానికీ లొంగదు, దానికి ఐజీఈ ఉంటే నిజమైన అలర్జీ ఉండే అవకాశం బాగా ఎక్కువ. అరా హెచ్ 8 అయితే బర్చ్ చెట్టు పుప్పొడిలోని ప్రొటీన్‌కి చుట్టం, అదొక్కటే పాజిటివ్ ఉన్నవాళ్లకి ఎక్కువమందిలో నోట్లో దురదతో పోతుంది, లేదా ఏమీ కాదు. జీడిపప్పులో అనా ఓ 3, హేజెల్‌నట్‌లో కోర్ ఎ 9, కోర్ ఎ 14, వాల్‌నట్‌లో జగ్ ఆర్ 1 ఇలాంటి గట్టి ప్రొటీన్లు. మధ్యలో ఇరుక్కున్న రిపోర్టులకి ఇది నిజంగా పనికొస్తుంది. రక్తపరీక్ష చర్మ పరీక్ష కన్నా ఒక మెట్టు పైన ఉండేది ఇక్కడే అని నా అభిప్రాయం. అందరికీ అక్కర్లేదు, కథా అంకే స్పష్టంగా ఉంటే దీనివల్ల కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

వేరుశనగకి అలర్జీ ఉంది. మిగతా నట్స్ అన్నిటికీ ఒకేసారి పరీక్ష చేయించేయనా?

పిల్ల ఇప్పటికే బాదం, జీడిపప్పు హాయిగా తింటుంటే వాటికి పరీక్ష వద్దు. తిననివ్వండి. ఎప్పుడూ తినని వాటి గురించి అడిగితే మాత్రం సబబే, ఎందుకంటే వేరుశనగ చిక్కుడు జాతిదే అయినా, దాని అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి చెట్టు నట్స్ కూడా పడవు. జీడిపప్పు, పిస్తా దగ్గరి బంధువులు, ఒకటి పడకపోతే రెండోది కూడా చాలావరకు పడదు. వాల్‌నట్, పీకాన్ కూడా అలాగే జంట. డాక్టర్‌తో కూర్చుని ఏవి అవసరమో ఎంచుకుని చేయించండి. 40 పదార్థాల ప్యాకేజీ తీసుకుంటే జవాబుల కన్నా కొత్త భయాలే ఎక్కువ వస్తాయి.

పెద్దపాపకి అలర్జీ ఉంది. చిన్నవాడికి ఇంకా ఏమీ పెట్టలేదు. ముందుజాగ్రత్తగా టెస్టు?

అక్కకి ఉందన్న ఒక్క కారణంతో పరీక్ష చేయించనక్కర్లేదనే ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల మాట. పరీక్ష కోసం ఎదురుచూస్తూ నెలలు గడిపేయడం వల్ల నష్టమే. లండన్‌లో 4 నుంచి 11 నెలల వయసులో తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లల్ని తీసుకుని, సగం మందికి వేరుశనగ క్రమం తప్పకుండా పెట్టారు, సగం మందికి ఐదేళ్లు వచ్చేదాకా పెట్టలేదు. 2015లో ఫలితాలు వచ్చాయి. చర్మ పరీక్ష నెగెటివ్ ఉన్నవాళ్లలో, తినని గుంపులో 13.7 శాతం మందికి అలర్జీ వస్తే, తిన్న గుంపులో 1.9 శాతం మందికే వచ్చింది. ఇంకా గమనించాల్సింది, మొదట్లోనే చర్మం మీద 4 మి.మీ. దాకా చిన్న దద్దురు వచ్చిన పిల్లల్లో కూడా తేడా కనిపించింది: 35.3 శాతానికి 10.6. చిన్న పాజిటివ్ చూసి దూరం పెట్టి ఉంటే వాళ్లకి ఆ మేలు దక్కేది కాదు.

మీ చిన్నవాడికి తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉంటే మొదటిసారి పెట్టే ముందు డాక్టర్‌ని అడగండి, అప్పుడు పరీక్షకి అర్థం ఉంది. పెట్టేటప్పుడు మెత్తని ముద్దగానో పొడిగానో మాత్రమే, గింజ గింజగా కాదు, చిన్నపిల్లల గొంతులో అడ్డం పడుతుంది.

ఐజీజీ టెస్ట్, వెంట్రుకల టెస్ట్?

డబ్బు దండగ. ఐజీజీ అన్నది ఐజీఈ కాదు, ఇంకో రకం యాంటీబాడీ. అది ఒక పదార్థాన్ని శరీరం చూసిందని, తరచుగా అలవాటు పడిందని చెప్పే గుర్తు, అలర్జీకి గుర్తు కాదు. అలర్జీ నిపుణుల సంఘాలు దీన్ని వాడొద్దని ఎప్పుడో చెప్పాయి. వెంట్రుకలతో చేసే దానికి ఆధారమే లేదు.

తినిపించి చూడటం అంటే భయంగా ఉంది. తప్పదా?

రెండు పరీక్షలూ తేల్చలేనప్పుడు అదే అసలు తీర్పు. ఆస్పత్రిలో, మందులు పక్కన పెట్టుకుని, చాలా చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కొంతసేపు ఆగి ఆగి పెంచుతూ మామూలు మోతాదు దాకా వెళ్తారు. లక్షణం కనిపించగానే ఆపేస్తారు. పిల్ల ఆ రోజు జలుబు, ఆయాసం లేకుండా ఉండాలి. భయం సహజమే, పక్కన కూర్చున్న తల్లికి ఆ గంటలు చాలా పొడుగ్గా ఉంటాయి. కానీ గెలిస్తే ఒక ఆహారం తిరిగొస్తుంది, గెలవకపోయినా ఇక అనుమానం ఉండదు, పైగా రియాక్షన్ మొదలైతే మీ పిల్లలో ఎలా కనిపిస్తుందో సురక్షితమైన చోట చూస్తారు.

డాక్టర్ దగ్గరికి ఏం రాసుకుని వెళ్లాలి?

ఏ నట్, పచ్చిదా వేయించినదా, సుమారు ఎంత తింది, తిన్న ఎన్ని నిమిషాలకి మొదటి లక్షణం, ఒళ్లు, కడుపు, ఊపిరి వీటిలో వేటికి ఏమైంది, ఎంతసేపు ఉంది, ఏ మందు ఇచ్చారు, అంతకుముందు అదే నట్ తిన్నప్పుడు ఏమైంది, ఆ తర్వాత మళ్లీ తిన్నదా. దద్దుర్ల ఫొటో ఉంటే తీసుకెళ్లండి. తిన్న ప్యాకెట్టు ఉంటే అదీ. పిల్ల ఇబ్బంది లేకుండా తినే నట్స్ జాబితా కూడా రాయండి, ఇది చాలామంది మర్చిపోతారు, అనవసరమైన పరీక్షలు తప్పేది దీనివల్లే.

అపాయింట్‌మెంట్ రెండు నెలల తర్వాత. అప్పటిదాకా?

రియాక్షన్ తెప్పించిన నట్‌ని పూర్తిగా దూరం పెట్టండి, మిగతావి పిల్ల ముందునుంచీ తింటుంటే కొనసాగించండి. ఒళ్లంతా దద్దుర్లతో పాటు ఊపిరి ఇబ్బంది, గొంతు బిగుసుకోవడం, ఆగని వాంతులు, సొమ్మసిల్లడం ఇలాంటివి ఏమైనా వచ్చి ఉంటే పరీక్ష తేదీ దాకా ఆగకండి, అడ్రినలిన్ ఇంజెక్షన్ గురించి మీ దగ్గరి డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడండి. అది తొడ బయటివైపు మధ్యలో ఇస్తారు, ఇచ్చాక పిల్లని పడుకోబెట్టి, ఊపిరి ఇబ్బందిగా ఉంటే కూర్చోబెట్టి, అంబులెన్స్ పిలవాలి. యాంటీహిస్టమిన్ దురదని తగ్గిస్తుంది, ప్రాణాపాయాన్ని ఆపదు.

ఒకసారి అలర్జీ అని తేలితే జీవితాంతమా? పరీక్ష మళ్లీ ఎప్పుడు?

వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల్లో ఐదుగురిలో ఒకరికి పెరిగేకొద్దీ పోతుంది, చెట్టు నట్స్‌లో ఇంకా తక్కువ, పదిమందిలో ఒకరికి. చిన్నవయసులో ఏడాదికోసారి, తర్వాత ఇంకాస్త ఎడంతో చూస్తారు. ఇక్కడ ఒక్కసారి వచ్చిన అంకె కన్నా అది ఎటు వెళ్తోందన్నది ముఖ్యం. దద్దురు ఏటా చిన్నదవుతుంటే, లేదా రక్తంలో అంకె దిగుతూ వస్తుంటే, మధ్యలో రియాక్షన్లు లేకపోతే, ఆస్పత్రిలో తినిపించి చూద్దామా అని డాక్టర్‌ని మీరే అడగండి. అంకె పూర్తిగా సున్నా అయ్యేదాకా ఎదురుచూడక్కర్లేదు, చాలామందిలో అలర్జీ పోయాక కూడా కొంత ఐజీఈ అలాగే ఉంటుంది. పోయిందని తేలాక మాత్రం ఆ నట్‌ని ఇంట్లో మళ్లీ అలవాటు చెయ్యండి, అప్పుడప్పుడూ కాదు, డాక్టర్ చెప్పినంత తరచుగా.